అడిగిన పిల్లలకు జవాబు చెప్పండి

పాఠశాలల యాజమాన్యాలకు, ప్రధానోపాధ్యాయులకు, విద్యాశాఖ అధికారులకు బహిరంగ లేఖ

నమస్కారం.

నేను ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పే టీచర్ని. విద్యార్థి మండలి పనులు చూసే బాధ్యత కూడా నాదే. మీకు ఉండే పని ఒత్తిడి తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

మా స్కూల్లో క్లాసులు జరిగే సమయంలో మరుగుదొడ్లకు తాళం వేయడం మొదలుపెట్టారు. కుళాయిలు విరగ్గొడుతున్నారు, గోడల మీద రాతలు రాస్తున్నారు, పీరియడ్ మధ్యలో ఇద్దరిద్దరు కలిసి బయట తిరుగుతున్నారు అన్నవి చెప్పిన కారణాలు. ఇంటర్వెల్‌లోనూ భోజన విరామంలోనూ మాత్రమే తాళం తీస్తారు. ఈ సంగతి పిల్లలకు ఒక ఉదయం అసెంబ్లీలో ప్రకటనగా తెలిసింది. అంతకుముందు వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. మమ్మల్నీ అడగలేదనుకోండి, దానికి వేరే ఉత్తరం రాయాలి.

పై తరగతుల పిల్లలు ఒక వినతిపత్రం రాశారు. మర్యాదగా, సంతకాలతో, మండలి ద్వారా, ఎవరికి ఇవ్వాలో వాళ్లకే ఇచ్చారు. అందులో పెద్దవాళ్లెవరికీ తట్టని సంగతులు రెండున్నాయి. ఆడపిల్లల వైపు తలుపులకు లోపలి గడియలు ఊడిపోయాయి, అందుకే ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు తలుపు పట్టుకుని బయట నిలబడుతున్నారు. మేం తిరుగుళ్లు అనుకున్నది ఆ కాపలానే. రెండోది, ఇంటర్వెల్ పది నిమిషాలే కావడంతో స్కూలంతా ఒకేసారి ఎగబడుతోంది, ఆ తోపులాటలోనే కుళాయిలు విరుగుతున్నాయి. గడియలు బిగించండి, తరగతులవారీగా ఇంటర్వెల్ వేర్వేరు సమయాల్లో ఇవ్వండి, తాళం తీసేయండి, కావాలని పాడుచేసిన వాళ్లు దొరికితే వాళ్లనే శిక్షించండి. ఇంతే వాళ్లు కోరింది.

"చూద్దాం" అన్నారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. పిల్లలు గుర్తుచేస్తే క్లాస్ లీడర్లను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, "ఇది మీతో ఎవరు రాయించారు?" అని అడిగారు. గడియల గురించి ఒక్క ప్రశ్న లేదు. ఆ తర్వాత నేను యాజమాన్యానికి విడిగా రాసినదానికీ జవాబు రాలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా పిల్లలు అడిగారు.

ఇది ఒక్క స్కూలు గొడవే అయితే ఇలా బహిరంగంగా రాసే పని లేదు. తోటి టీచర్లతో మాట్లాడితే పేర్లు మారతాయి తప్ప కథ మారదు. ఒకచోట ఆటల పీరియడ్ తీసేసి లెక్కలకు ఇచ్చారు. ఇంకోచోట ఒకే వారంలో అన్ని సబ్జెక్టుల టెస్టులూ పెట్టారు. మరోచోట లైబ్రరీని స్టోర్ రూమ్ చేశారు. అన్నిచోట్లా పిల్లలకు తెలిసింది నిర్ణయం అయిపోయాకే.

పిల్లల్ని అడగడం మన మంచితనం మీద ఆధారపడే విషయం కాదు. ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 1989 నవంబర్ 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ఉంది. తనకంటూ ఒక అభిప్రాయం ఏర్పరచుకోగల ప్రతి బిడ్డకూ, తనకు సంబంధించిన అన్ని విషయాల్లోనూ ఆ అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పే హక్కు ఉందని, వయసునూ పరిణతినీ బట్టి దానికి తగిన విలువ ఇవ్వాలని అది చెబుతుంది. అమెరికా తప్ప ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలన్నీ ఈ ఒడంబడికకు కట్టుబడ్డాయి. దాన్ని ఎలా అమలు చేయాలో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2009లో వివరంగా రాసింది. ఇన్నేళ్లు నిండితేనే వినాలి అని వయసు గీత గీయవద్దంది. ఇంకో మాట కూడా అంది: నిర్ణయం తీసుకున్నవాళ్లు చివరికి ఏం తేల్చారో పిల్లలకు చెప్పాలి, వాళ్ల అభిప్రాయాన్ని ఎలా పరిగణించారో వివరించాలి. వినడం గురించి ఉపన్యాసాలు చాలా విన్నాం. తిరిగి జవాబు చెప్పడం గురించి మాట్లాడేవాళ్లు మాత్రం కనపడరు. నా లేఖ మొత్తం ఆ జవాబు కోసమే.

పిల్లల్ని అడగకుండా, వాళ్లకు జవాబు చెప్పకుండా నడిపే స్కూళ్లలో ఏం జరుగుతుందో రోజూ చూసేదాన్ని కాబట్టి రాస్తున్నాను.

1. మొదట దెబ్బ తగిలేది ఒంటికి. మరుగుదొడ్డికి తాళం పడితే పిల్లలు చేసే మొదటి పని నీళ్లు తాగడం మానేయడం. సీసా నిండుగా వస్తుంది, నిండుగానే ఇంటికి పోతుంది. నీళ్లు తక్కువ తాగి, మూత్రం గంటల తరబడి ఆపుకుంటే ఇన్ఫెక్షన్లు, మలబద్ధకం వస్తాయని ఏ డాక్టరైనా చెబుతారు. నెలసరి రోజుల్లో ఆడపిల్లలకు ఇంటర్వెల్ దాకా ఆగడం కుదిరే పని కాదు. అందుకని ఆ రోజుల్లో బడే మానేస్తారు. హాజరు పట్టికలో అది "ఆబ్సెంట్" అని మాత్రమే పడుతుంది. తర్వాత హాజరు తగ్గిందని అదే పిల్ల తల్లిదండ్రులకు మనం నోటీసు పంపుతాం.

2. స్కూల్ టైమింగ్స్ సంగతి. పదమూడేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వయసు వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. ఆ వయసులో శరీరం లోపలి గడియారమే వెనక్కి జరుగుతుంది, రాత్రి త్వరగా నిద్ర పట్టదు. అందుకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో పై తరగతుల స్కూళ్లు ఉదయం 8:30 కంటే ముందు మొదలుపెట్టవద్దని సలహా ఇచ్చింది. కాలిఫోర్నియా 2019లో దీనిమీద చట్టం చేసి, 2022 జూలై నుంచి అమలులోకి తెచ్చింది. మన దగ్గర టైమింగ్స్ నిర్ణయించేటప్పుడు బస్సు ఎన్ని ట్రిప్పులు తిరగాలో లెక్క వేస్తాం. మొదటి పీరియడ్‌లో ఎంతమంది కళ్లు మూతలు పడుతున్నాయో మాత్రం ఆ లెక్కలోకి రాదు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఆ గదిలో ఉండరు.

3. ఇది అన్నిటికంటే పెద్దది, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. గడియ ఊడిపోయిందని రాస్తే "ఎవరు రాయించారు?" అన్న ప్రశ్న ఎదురైన పిల్ల, రేపు తనను ఎవరైనా ఏడిపిస్తున్నారనో, ఎవరో తప్పుగా తాకారనో వచ్చి చెబుతుందా? చెప్పదు. ఎందుకు చెప్పాలి? చిన్న విషయం చెప్పినప్పుడు ఏమైందో ఆమెకు గుర్తుంది. పిల్లల మీద వేధింపు ఏదైనా బయటపడిన ప్రతిసారీ పెద్దలు ఒకటే మాట అంటారు, "ముందే ఎందుకు చెప్పలేదు?" అని. చెప్పడం అలవాటు కావాలంటే చిన్న చిన్న విషయాలు చెప్పినప్పుడు మేలు జరిగినట్టు కనపడాలి. ఫ్యాన్ తిరగడం లేదని చెబితే బాగు చేయించాలి. బాగు చేయించలేకపోతే ఎందుకు చేయించలేదో చెప్పాలి. అలా కొన్నేళ్లు గడిస్తే పెద్ద విషయం కూడా నోరు దాటి వస్తుంది. ఫిర్యాదుల పెట్టె గోడకు తగిలిస్తే రాదు. అన్నట్టు ఆ పెట్టె మా దగ్గరా ఉంది. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఇంతవరకు ఎవరూ చెప్పలేకపోయారు.

క్లాసులో ఎక్కువగా మాట్లాడని పిల్లల మీద ఈ భారం ఇంకా ఎక్కువ. వైకల్యం ఉన్న పిల్లలు, ఇంట్లో మాట్లాడే భాష వేరైన పిల్లలు, ఫీజు ఆలస్యంగా కట్టే ఇళ్ల పిల్లలు. గట్టిగా అడిగే తల్లిదండ్రులున్న పిల్లల పని ఏదో ఒకలా జరిగిపోతుంది. వీళ్ల తరఫున ఫోన్ చేసేవాళ్లు ఉండరు.

4. ఇళ్ల మీద పడే ఖర్చు. యూనిఫాం రంగు మార్చినా, కొత్త వర్క్‌బుక్కులు పెట్టినా డబ్బు కట్టేది తల్లిదండ్రులు, వాడేది పిల్లలు. కొన్న పుస్తకాల్లో ఎన్ని ఏడాది చివర కూడా తెరవకుండా ఉండిపోయాయో పిల్లల్ని అడిగితే ఒక్క నిమిషంలో చెబుతారు.

5. మా టీచర్ల సంగతి. ఎందుకు పెట్టారో పిల్లలకు తెలియని రూల్‌ను రోజంతా అమలు చేయాల్సింది మేమే. పాఠం చెప్పే సమయం కాపలాకు పోతుంది.

"మా స్కూల్లో విద్యార్థి మండలి ఉంది కదా" అని మీలో చాలామంది అంటారు. ఉంది. సభ్యుల్ని టీచర్లే ఎంపిక చేస్తారు, ఎక్కువగా మార్కులు చూసి. వాళ్లకు బ్యాడ్జీలిస్తాం. అతిథులు వస్తే పూలగుచ్ఛాలు ఇప్పిస్తాం, లైను సరిగా ఉందో లేదో చూడమంటాం, టీచర్ లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయిస్తాం. అంటే పిల్లల తరఫున మాట్లాడాల్సిన వాళ్లను మన తరఫున కాపలా పెడుతున్నాం. పిల్లల భాగస్వామ్యం మీద పరిశోధన చేసిన రోజర్ హార్ట్ 1992లో యూనిసెఫ్ కోసం రాసిన వ్యాసంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. కింది మూడు మెట్లు పిల్లల్ని పావులుగా వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు మాత్రం కూర్చోబెట్టడం. ఆ మూడూ అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. మన మండళ్లలో చాలావరకు రెండో మెట్టు దాటలేదని నా అభిప్రాయం.

వేరేలా నడపవచ్చని వందేళ్ల కిందటే చేసి చూపించినవాళ్లున్నారు. యానుష్ కోర్చాక్ అనే పిల్లల డాక్టర్ 1912లో ఇప్పటి పోలండ్ రాజధాని వార్సాలో మొదలైన అనాథాశ్రమాన్ని నడిపాడు. అక్కడ పిల్లలకు సొంత కోర్టు ఉండేది, పిల్లలే న్యాయమూర్తులు. పెద్దవాళ్ల మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు. తన వల్ల తప్పు జరిగిందనుకున్నప్పుడు కోర్చాక్ తానే ఆ కోర్టు ముందుకు వెళ్లేవాడు. ఆ కోర్టు నియమాల్లో ఎక్కువ భాగం క్షమించడం గురించే. పిల్లల చేతికి అధికారమిస్తే చెలరేగిపోతారని భయపడేవాళ్లు ఈ సంగతి ఒకసారి చూడాలి. కోర్చాక్‌ను, ఆ పిల్లల్ని 1942 ఆగస్టులో నాజీలు ట్రెబ్లింకా మరణ శిబిరానికి తీసుకెళ్లి చంపేశారు.

ఇప్పటి సంగతికి వస్తే, బ్రిటన్‌లోని వేల్స్‌లో 2005లో చేసిన నిబంధనల ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్లలో విద్యార్థి మండలి తప్పనిసరి. సభ్యుల్ని తోటి విద్యార్థులే రహస్య ఓటుతో ఎన్నుకోవాలి. ఏడాదికి కనీసం ఆరుసార్లు సమావేశం జరగాలి. నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి: మండలి తమ దృష్టికి తెచ్చిన ప్రతి విషయాన్నీ హెడ్‌మాస్టరూ పాలకవర్గమూ పరిశీలించాలి, ప్రతిదానికీ జవాబివ్వాలి. ఒప్పుకోవాలని కాదు, జవాబివ్వాలని. ఐర్లండ్ 1998 విద్యాచట్టం ఉన్నత పాఠశాలల్లో విద్యార్థి మండలి పెట్టుకోవడాన్ని స్కూలు పాలకవర్గం ప్రోత్సహించాలంది. ఫిన్లండ్‌లో 2014 నుంచి చిన్న తరగతుల స్కూళ్లకు కూడా విద్యార్థి సంఘం ఉండాల్సిందే. పోర్చుగల్ 2017లో ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వ స్కూళ్లలో పై తరగతుల విద్యార్థులకు కొంత డబ్బు కేటాయించింది. దాన్ని స్కూల్లో దేనికి వాడాలో పిల్లలే ప్రతిపాదించి, ఓటు వేసి తేల్చుకుంటారు. ఈ దేశాల్లో అంతా సవ్యంగా ఉందని నేను అనను. పేరుకు నడిచే మండళ్లు అక్కడా ఉంటాయి. కానీ వేల్స్‌లోనైతే జవాబు రాకపోతే "రూల్ ప్రకారం ఇవ్వాలి" అని అడగడానికి అక్కడి పిల్లల చేతిలో ఒక కాగితం ఉంటుంది.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు, వాటిలో కొన్ని సబబైనవే. ఎన్నికలు పెడితే అందరికీ ఇష్టమైన ఆటగాడో, గట్టిగా అరిచేవాడో గెలుస్తాడంటారు. కొన్నిసార్లు గెలుస్తాడు. అందుకే స్కూలంతటికీ ఒక్క లీడర్ కాకుండా ప్రతి సెక్షన్ నుంచి ఇద్దరు ఉండాలి. సిలబస్ పూర్తి కాదంటారు. నెలకు రెండు పీరియడ్లు పోతాయి, నిజమే. ఆడిటోరియంలో ముఖ్య అతిథి కోసం ఎదురుచూస్తూ కూర్చోబెట్టిన పీరియడ్ల ముందు అది ఎంత? ఇక "పిల్లలకేం తెలుసు" అన్న మాట. ఫీజు ఎంత ఉండాలో, టీచర్‌గా ఎవర్ని తీసుకోవాలో వాళ్లకు తెలియకపోవచ్చు. గడియ ఊడిపోయిందని తెలిసింది వాళ్లకొక్కరికే. క్రమశిక్షణ పోతుందన్న భయానికి నా దగ్గర లెక్కలు లేవు, అనుభవం ఉంది. క్లాసు రూల్స్ పిల్లలతో కూర్చుని రాసిన ఏడాది, తప్పు చేసినవాడితో తగువు పెట్టుకునే పని నాకు తగ్గింది. ఆ పని తోటి పిల్లలే చూసుకున్నారు.

అందుకని మా కోరికలు ఇవి.

1. నిర్ణయానికి ముందే విద్యార్థులను అడిగి తీరాల్సిన విషయాల జాబితాను ప్రతి స్కూలూ రాతపూర్వకంగా ప్రకటించాలి. మరుగుదొడ్లు, తాగునీరు, టైమింగ్స్, టెస్టుల షెడ్యూల్, హోంవర్క్, యూనిఫాం, ఫోన్ల వాడకం, ఆటలు, లైబ్రరీ, శిక్షల నియమాలు అందులో ఉండాలి. వేటి గురించి అడగరో కూడా అదే కాగితంలో రాయండి. నియామకాలు, జీతాలు, ఇతర పిల్లల వ్యక్తిగత విషయాలు, అప్పటికప్పుడు తీసుకోవాల్సిన భద్రతా చర్యలు బయట ఉంచితే ఎవరికీ అభ్యంతరం లేదు.

2. మండలిని విద్యార్థులే రహస్య ఓటుతో ఎన్నుకోవాలి. మార్కులు, హాజరు, ఫీజు బకాయి ఏవీ అర్హతకు అడ్డు కాకూడదు. చిన్న తరగతుల నుంచీ ప్రతినిధులుండాలి. పాఠశాల నిర్వహణ కమిటీలో ఇద్దరు విద్యార్థులకు చోటు ఇవ్వాలి. పై జాబితాలోని విషయాల మీద వాళ్లకు ఓటు కూడా ఉండాలి.

3. మండలి ఇచ్చిన ప్రతి వినతికీ పదిహేను పనిదినాల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. అవునంటే ఎప్పటిలోగా చేస్తారో, కాదంటే ఎందుకు కాదో రాయాలి. ఆ జవాబును అన్ని క్లాసుల్లో చదవాలి, నోటీసు బోర్డులో పెట్టాలి. మిగతావన్నీ ఆలస్యమైనా సరే, ఇది మాత్రం వెంటనే మొదలుపెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు.

4. అడిగినందుకు ఏ పిల్లవాడి మీదా, ఏ టీచర్ మీదా కక్ష సాధింపు ఉండకూడదు. విడిగా గదిలోకి పిలిచి నిలదీయడం, కండక్ట్ సర్టిఫికెట్‌లో రాస్తామని బెదిరించడం, ప్రాక్టికల్ మార్కుల ఊసెత్తడం అన్నీ కక్ష సాధింపు కిందికే వస్తాయి. అలాంటి ఫిర్యాదును విచారించేది స్కూలుకు బయటివాళ్లయి ఉండాలి.

5. మండలి సమావేశాలకు టైమ్‌టేబుల్లోనే సమయం ఇవ్వాలి. బడి వదిలాక పెడితే బస్సు ఎక్కాల్సిన పిల్లలు రాలేరు. మండలికి తోడుండే టీచర్ ఎవరో పిల్లలే చెప్పాలి. ఆ టీచర్ నేను కాకపోయినా ఫర్వాలేదు.

6. స్కూలు ఖర్చులో చిన్న భాగమైనా సరే, విద్యార్థుల ఓటుతో ఖర్చు పెట్టేలా విడిగా ఉంచాలి.

విద్యాశాఖ అధికారులకు విడిగా ఒక విన్నపం. తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టర్లు చూస్తారు, ఫలితాల శాతం చూస్తారు, ల్యాబ్ తాళం తీయించి చూస్తారు. ఇకనుంచి మండలి మినిట్స్ పుస్తకం, వినతులు, వాటికిచ్చిన జవాబులు కూడా అడగండి. కనీసం ఒక అరగంట టీచర్లు గానీ హెడ్‌మాస్టర్ గానీ లేకుండా పిల్లలతో మాట్లాడండి. ఏ పిల్లల్ని పంపాలో మమ్మల్ని అడగకండి. మేం ఎవర్ని పంపుతామో మీకు తెలుసు. ఏదో ఒక క్లాసులోకి మీరే వెళ్లి కూర్చోండి.

యాజమాన్యాలకు చివరిగా. ఈ లేఖ మీద మీ స్పందన ఏదైనా సరే, వచ్చే పరీక్షల షెడ్యూల్ ఖరారు చేసే ముందు కాగితం మీద రాసి ఇవ్వండి. నాకు కాదు, మీ స్కూల్ విద్యార్థి మండలికి ఇవ్వండి. మండలి లేకపోతే ఎన్నిక ఏ తేదీన పెడతారో రాసి నోటీసు బోర్డులో అంటించండి.

ఇట్లు,
ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు